బందరు రైల్వే స్టేషన్: బండ్లు, టికెట్లు, పాత చరిత్ర, మంగినపూడి దారి

ప్రశ్న: సత్యనారాయణపురం, విజయవాడ

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం బెజవాడ నుంచి బందరు వెళ్లి, మంగినపూడి బీచ్ చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేద్దామని ఇంట్లో అనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సులో కాళ్లు చాపుకోవడానికి ఉండదు కాబట్టి రైలే నయమనిపిస్తోంది. అడగాల్సినవి ఇవీ.

రిజర్వేషన్ లేకుండా వెళ్లొచ్చా? ఫోన్‌లో టికెట్ తీస్తే ఇబ్బందులేమైనా ఉన్నాయా? బందరు స్టేషన్‌లో దిగాలా, దాని ముందు చిలకలపూడిలోనా? ఇంకో సంగతి, మా అబ్బాయి స్కూల్లో "మన జిల్లా రైల్వే స్టేషన్" అని ప్రాజెక్ట్ ఇచ్చారు. వాడు బందరు ఎంచుకున్నాడు. అంత పెద్ద రేవు ఉన్న ఊరు మెయిన్ లైన్ మీద ఎందుకు లేదని వాడి సందేహం. తెలిసినవాళ్లు చెప్పగలరు.

జవాబు: గుడివాడ లైన్

ముందు బండ్ల సంగతి. బెజవాడ నుంచి బందరు రైలు మార్గం సుమారు 80 కి.మీ. గుడివాడ దాకా 43, అక్కడి నుంచి బ్రాంచి లైన్ 37. రోడ్డు మీద కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా ఇంతకంటే తక్కువే. పట్టాలు ఉత్తరంగా గుడివాడ చుట్టూ తిరిగి వస్తాయి కాబట్టి దూరం పెరుగుతుంది. అందుకే టైం లెక్కన చూస్తే బస్సు మీద రైలు గెలిచేది పెద్దగా ఏమీ ఉండదు. డబ్బులు మిగులుతాయి, కాళ్లు చాపుకోవచ్చు, అంతే.

దారిలో మధురానగర్, రామవరప్పాడు, నిడమానూరు, ఉప్పలూరు, తరిగొప్పుల, ఇందుపల్లి, గుడివాడ. గుడివాడ దాటాక గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు, పెడన, చిలకలపూడి, ఆఖరున మచిలీపట్నం. స్టేషన్ కోడ్ ఎంటీఎం. యాప్‌లో "బందరు" అని కొడితే రాదు, మచిలీపట్నం అనే వెతకండి.

పగటిపూట వెళ్లడానికి మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి), ప్యాసింజర్లే మేలు. రిజర్వేషన్ అక్కర్లేదు. టికెట్ తీసేటప్పుడు ఒక్కటి చూసుకోండి: బండి రకం "ఆర్డినరీ"నా, "మెయిల్/ఎక్స్‌ప్రెస్"నా అని అడుగుతుంది. మెముకి ఆర్డినరీ చాలు, కనీస చార్జీ 10 రూపాయలు. ఎక్స్‌ప్రెస్‌లో కనీసం 30 నుంచి మొదలు. ఆర్డినరీ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తేడా డబ్బులతో పాటు జరిమానా కూడా కట్టాలి, కనీసం 250. ఈ లైన్‌లో చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. అడుగడుగునా ఆగే బండిని చూసి ప్యాసింజరే అనుకుంటారు, బోర్డు మీద మాత్రం ఎక్స్‌ప్రెస్ అని ఉంటుంది. ఆగే స్టేషన్లను బట్టి కాదు, బోర్డును బట్టి టికెట్ తీయండి.

ఫోన్‌లో జనరల్ టికెట్ స్టేషన్‌కి చేరకముందే తీసేయండి. ప్లాట్‌ఫాం మీదికొచ్చాక తీయబోతే జీపీఎస్ ఒప్పుకోదు. అప్పుడు స్టేషన్‌లో గోడకు అతికించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తేనే వస్తుంది. టికెట్ తీసిన 3 గంటల లోపు, లేదా ఆ వైపు వెళ్లే మొదటి బండికి, ఈ రెండింటిలో ఏది ఆలస్యమైతే దానికి ఎక్కాలి. పొద్దున్నే కూర్చుని రాను పోను రెండూ తీసేస్తే సాయంత్రం టికెట్ చెల్లదు. కాగితం లేని జనరల్ టికెట్‌ను రద్దు చేసుకోవడం కూడా కుదరదు, డబ్బులు పోయినట్టే.

ఇంకొకటి. బెజవాడలో భీమవరం, నర్సాపురం వైపు వెళ్లే బండి కూడా ఇదే లైన్‌లో గుడివాడ దాకా వెళ్తుంది. పొరపాటున అందులో కూర్చుంటే కంగారుపడొద్దు, గుడివాడలో దిగి బందరు బండి పట్టుకోవచ్చు. కానీ గుడివాడ దాటి కైకలూరు వైపు పోయారంటే ఇక ఆ రోజు సముద్రం లేనట్టే. బందరు బోర్డు ఉందో లేదో చూసే ఎక్కండి.

జవాబు: కాలువగట్టు

అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. ప్రాజెక్ట్‌లో దీన్నే మొదటి పేరాగా పెట్టమనండి.

బందరు 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. ఇంగ్లీషు కంపెనీ ఓడ 1611లోనే ఇక్కడ లంగరేసింది. డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు కూడా ఉన్నారు. ఇప్పటికీ డచ్చివాళ్ల సమాధులు కనబడతాయి. కలంకారీ గుడ్డలు ఇక్కడి నుంచే సముద్రం దాటాయి. కాని రైలు వచ్చే నాటికి ఈ రేవు పెద్ద ఓడలు నిలిచే చోటు కాదు. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, మేట వేస్తుంది. ఓడలు దూరంగా ఆగితే పడవల మీద సరుకు ఒడ్డుకు చేర్చాలి. దానికి తోడు 1864 నవంబరు 1 నాటి తుపాను ఉప్పెన ఊళ్లోకి వచ్చి, ఊరూ చుట్టుపక్కలా కలిపి సుమారు 30,000 మందిని మింగేసింది. ఆ దెబ్బ నుంచి రేవు మళ్లీ పైకి లేవలేదు.

ఇప్పుడు రైలు తేదీలు వరసగా చూడండి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయి, బందరు కాలువలో పడవలు తిరిగేవి. నిజాం రైల్వే 1889లో సికింద్రాబాద్ వైపు నుంచి బెజవాడకు చేరింది. 1893 నుంచి 1896 మధ్య బెజవాడ నుంచి కటక్ వైపు ఈస్ట్ కోస్ట్ లైన్ వేశారు. 1899లో బెజవాడ, మద్రాసు కలిశాయి. అంటే ఆ ఏడు నుంచి కృష్ణా డెల్టా ధాన్యం, గుడ్డలు బెజవాడలో వ్యాగన్ ఎక్కితే నేరుగా మద్రాసు రేవులో దిగేవి. మధ్యలో బందరుతో పనేముంది? మెయిన్ లైన్ తెనాలి, బాపట్ల, చీరాల మీదుగా దక్షిణానికి దిగిపోయింది. బందరు ఓ పక్కకు ఉండిపోయింది.

బందరుకు లైన్ వచ్చింది ఆ తర్వాత దాదాపు పదేళ్లకు, అదీ పట్టాల మధ్య మీటరు ఎడం ఉండే మీటర్ గేజ్‌లో. వేసింది సదరన్ మరాఠా రైల్వే. వాళ్లకు అప్పటికే గోవా వైపు మార్మగోవా నుంచి గుంతకల్లు, నంద్యాల, గుంటూరు మీదుగా బెజవాడ దాకా మీటర్ గేజ్ ఉంది. దాన్నే తూర్పు తీరం దాకా పొడిగించారు. పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రానికి ఒకే గేజ్ అన్నమాట. ఆ కంపెనీ 1908 జనవరి 1న మద్రాస్ రైల్వేతో కలిసి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, అంటే ఎం అండ్ ఎస్‌ఎం అయింది. 1951లో సదరన్ రైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాయి. గుడివాడ నుంచి భీమవరం లైన్ తర్వాత చేరింది. అప్పుడే గుడివాడ జంక్షన్ అయింది. 1960ల్లో బెజవాడ, గుడివాడ, భీమవరం మార్గాన్ని వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ చేశారు.

మీరు సత్యనారాయణపురం అంటున్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఈ గుడివాడ లైన్ ఒకప్పుడు మీ పేట మధ్యలోంచే పోయేది, అక్కడ స్టేషన్ కూడా ఉండేది. తర్వాత లైన్‌ను మధురానగర్ మీదుగా మళ్లించి పాత పట్టాలు తీసేశారు. ఆ స్థలంలో వచ్చిందే బస్సుల కోసం వేసిన ఇప్పటి బీఆర్‌టీఎస్ రోడ్డు. సీతన్నపేట గేటు అని ఇప్పటికీ అంటారు గానీ అక్కడ గేటూ లేదు, రైలూ లేదు. అబ్బాయిని ఓసారి ఆ రోడ్డు మీద నడిపించండి. అంత తిన్నగా ఎందుకు పోతుందో చూపిస్తే చాలు, ప్రాజెక్ట్‌లో సగం అయిపోతుంది.

జవాబు: పెడన

కాలువగట్టు గారు చెప్పిన వరస సరైనదే, ఒక్క మాట మాత్రం ఒప్పుకోను. రేవు చచ్చిపోయాక లైన్ వేశారన్నట్టు రాశారు. రేవు కోసం కాకపోతే ఆ కంపెనీ సముద్రం దాకా ఎందుకు వచ్చినట్టు? చిన్న ఓడలు, పడవల వర్తకం ఇంకా ఉండేది, జిల్లా కచేరీలూ కాలేజీలూ ఇక్కడే ఉన్నాయి. 1923లో ఆంధ్రా బ్యాంక్ కూడా పట్టాభి సీతారామయ్య గారు ఇక్కడే పెట్టారు. ఊరు బతికే ఉంది. కాకపోతే లైన్ ఇక్కడితో ఆగిపోయింది, అసలు చిక్కు అదే.

బందరుకు దక్షిణాన కృష్ణ దాటితే రేపల్లె. అదీ ఆఖరి స్టేషనే. గుంటూరు, తెనాలి, రేపల్లె లైన్ 1916 నాటిది. పులిగడ్డ, పెనుమూడి వారధి మీదుగా రోడ్డు కలిసింది, 216వ నంబరు జాతీయ రహదారి అటే పోతుంది. రైలు మాత్రం కలవలేదు. కాబట్టి బందరులో ఎక్కి తిరుపతి పోయే బండి కూడా ముందు వాయవ్యంగా బెజవాడకు ఎక్కి, అక్కడి నుంచి తెనాలి వైపు కిందికి దిగాలి. బందరు, రేపల్లె లింకు అడుగుతున్నది ఈ చుట్టు తప్పించడానికే. మ్యాప్‌లో రెండు లైన్ల కొసలు గీసి మధ్యలో నది గీస్తే ఎవరికైనా అర్థమవుతుంది. 2023 మే 22న కొత్త పోర్టుకు శంకుస్థాపన జరిగింది కాబట్టి ఈ డిమాండుకు ఇంకాస్త బలం వచ్చింది.

సత్యనారాయణపురం

చాలా థ్యాంక్స్ అండి. బీఆర్‌టీఎస్ సంగతి చెప్తే మా వాడు ఎగిరి గంతేశాడు. ఇంకో రెండు అడుగుతాను. సింగిల్ లైన్ కాబట్టి క్రాసింగుల్లో గంటలు గంటలు ఆపేస్తారని అంటున్నారు, నిజమేనా? బందరులో మొదలయ్యే బండ్లలో టికెట్ సులువుగా దొరుకుతుందని మా బావగారు అంటున్నారు, దసరాకి బెంగళూరు వెళ్లాలి.

జవాబు: గుడివాడ లైన్

క్రాసింగుల మాట పాతది. బెజవాడ, గుడివాడ, భీమవరం, నిడదవోలు, దాంతో పాటు గుడివాడ నుంచి బందరు, భీమవరం నుంచి నర్సాపురం, మొత్తం 221 కి.మీ. డబ్లింగ్, విద్యుదీకరణ అయిపోయింది. గుడ్లవల్లేరులోనో పెడనలోనో ఎదురు బండి కోసం కూర్చునే రోజులు పోయాయి. ఇప్పుడు లేటయ్యేది ఎక్కువగా బెజవాడ వాకిట్లోనే. తిరుగు ప్రయాణంలో రామవరప్పాడు, మధురానగర్ దగ్గర ప్లాట్‌ఫాం ఖాళీ లేక ఆపేస్తారు. హౌరా లైన్ ఎక్స్‌ప్రెస్‌లు ముందు, మన మెము తర్వాత. టైంటేబుల్లోనే ఆ చివరి నాలుగైదు కిలోమీటర్లకు ఎక్కువ నిమిషాలు వేస్తారు. మీ ఇల్లు సత్యనారాయణపురంలోనే కాబట్టి మెము ఆగితే మధురానగర్‌లోనే దిగిపోండి. బెంజి సర్కిల్ వైపు వెళ్లేవాళ్లు రామవరప్పాడులో దిగి రింగ్ దగ్గర ఆటో పట్టుకుంటారు. బెజవాడ జంక్షన్‌లో దిగి మళ్లీ వెనక్కి రావడం ఎందుకు?

అమ్మగారి కోసం ఒక సంగతి. మెముకి రెండు కొసలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. ఇంజిన్ విప్పి ఇటు నుంచి అటు తెచ్చి తగిలించే పని లేదు. అందుకే ఆఖరి స్టేషన్లో చకచకా తిరుగు బాట పడుతుంది. ఇంజిన్ బండి అలా కాదు. వచ్చేటప్పుడు ఆఖరున ఉన్న పెట్టె పోయేటప్పుడు ఇంజిన్ పక్కకు వస్తుంది. పొద్దున ఇంజిన్ నుంచి ఎన్నో పెట్టె అని గుర్తుపెట్టుకుని సాయంత్రం ఆ లెక్కనే నిలబడితే అమ్మగారు ప్లాట్‌ఫాం అంతా నడవాల్సి వస్తుంది. పెట్టెల వరస బండి ముందు నిలబడి మళ్లీ చూసుకోండి. బందరులో బయల్దేరే బండిని ముందే ప్లాట్‌ఫాం మీద పెడతారు, తొందరలేదు, కిటికీ సీటు ఎంచుకుని కూర్చోబెట్టొచ్చు. బెజవాడలో అయితే లిఫ్టు వాడండి, మెట్లతో పనిలేదు.

జవాబు: పీఎన్‌ఆర్ లెక్కలు

బావగారి మాటలో నిజం ఉంది, కాని కారణం తెలిస్తేనే పనికొస్తుంది.

బెంగళూరుకు బందరు నుంచి కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఉంది. వారానికి మూడు రోజులు, యశ్వంతపూర్ దాకా. గుంటూరు, నరసరావుపేట, మార్కాపురం, నంద్యాల, ధర్మవరం దారి. రాత్రికి సికింద్రాబాద్ మీదుగా బీదర్ సూపర్‌ఫాస్ట్ కూడా ఇక్కడే మొదలు. బండి మొదలయ్యే స్టేషన్‌కు జనరల్ కోటాలో పెద్ద వాటా ఉంటుంది. అక్కడి నుంచి చివరిదాకా తీసిన టికెట్ వెయిటింగ్‌లో పడితే జీఎన్‌డబ్ల్యూఎల్ (జనరల్ కోటా వెయిటింగ్) అవుతుంది. మధ్య స్టేషన్ల నుంచి తీస్తే చాలాసార్లు పీక్యూడబ్ల్యూఎల్ (కొన్ని స్టేషన్ల ఉమ్మడి కోటా వెయిటింగ్), ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్ (మధ్య స్టేషన్ల కోటా వెయిటింగ్) వస్తాయి. వాటి వాటా చిన్నది కాబట్టి వెయిటింగ్ కదలడం కష్టం. జీఎన్ 20 ఉన్నా ఖరారయ్యే అవకాశం, పీక్యూ 8కి ఉండకపోవచ్చు. నంబరు ఒక్కటే చూసి మోసపోకండి.

బెజవాడ నుంచి ఖాళీ లేకపోతే బందరు నుంచి టికెట్ తీసి ఎక్కే స్టేషన్ విజయవాడ అని పెట్టుకోవచ్చు. 80 కిలోమీటర్ల చార్జీ అదనం, అది వెనక్కి రాదు. బుక్ చేసేటప్పుడే బోర్డింగ్ పాయింట్ మార్చేస్తే ఉత్తమం. తర్వాతైతే గడువు దాటకముందే మార్చాలి. మార్చకుండా "ఎలాగూ బెజవాడ వస్తుంది కదా, అక్కడే ఎక్కుతాం" అనుకుంటే టీటీఈ రాలేదని రాసుకుని బెర్తు ఆర్‌ఏసీ (సగం బెర్తు మాత్రమే దొరికిన) వాళ్లకు ఇచ్చేస్తాడు. అప్పుడు ఎంత వాదించినా బెర్తు దొరకదు. ఇటు మార్చాక మనసు మార్చుకుని బందరులో ఎక్కినా చెల్లదు.

దసరా అంటున్నారు కాబట్టి: రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే, 2024 నవంబరు 1 దాకా 120 ఉండేది. ఆ తేదీ పొద్దున 8కి కూర్చోండి. తత్కాల్ ముందు రోజు, ఏసీ 10కి, స్లీపర్ 11కి. ఆధార్ కలపని ఖాతాతో ఆన్‌లైన్ తత్కాల్ రాదు, ఆ పని ఇవాళే చేసుకోండి.

జవాబు: బ్రాడీపేట

గుంటూరు వాళ్లం కూడా చదువుతున్నాం కాబట్టి ఓ మాట. మాకు బందరు రైలు దారి చుట్టే. నేరుగా బండి లేని రోజుల్లో బెజవాడలో మారాలి. సముద్రమే కావాలంటే గుంటూరు నుంచి తెనాలి, అక్కడి నుంచి బాపట్ల. స్టేషన్ నుంచి సూర్యలంక సుమారు 9 కి.మీ. లేదా ఇంకాస్త ముందుకెళ్లి చీరాలలో దిగితే వాడరేవు. రెండూ మెయిన్ లైన్, బండ్లకు కొదవలేదు. బెజవాడ వాళ్లకు కూడా బాపట్ల 74, చీరాల 89 కి.మీ. మాత్రమే, పొద్దున మద్రాసు వెళ్లే పినాకిని బండిలో వెళ్లి రాత్రి దాంట్లోనే రావొచ్చు. అది సూపర్‌ఫాస్ట్, టికెట్ సూపర్‌ఫాస్ట్‌దే తీయాలి. స్నానానికైతే సూర్యలంక ఇసుక బాగుంటుంది. మంగినపూడిది నల్లమట్టి.

జవాబు: పెడన

నల్లమట్టి అని తీసిపారేయకండి బ్రాడీపేట గారూ! అలలు చిన్నవి, లోతు మెల్లగా పెరుగుతుంది, పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే మేలు. కాకపోతే కాలు దిగబడుతుంది. పెద్దావిడను నీళ్లలోకి దింపితే ఇద్దరు పట్టుకోవాలి, పాత చెప్పులు వేయండి. ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టడం ఇంకా సుఖం.

స్టేషన్ సంగతి. మంగినపూడి బీచ్ బందరు ఊరికి సుమారు 11 కి.మీ. దారి చిలకలపూడి వైపు నుంచే పోతుంది. కాబట్టి దూరం లెక్కన చిలకలపూడిలో దిగడమే దగ్గర. కాని అది చిన్న స్టేషన్, దిగగానే ఆటో సిద్ధంగా ఉంటుందన్న నమ్మకం లేదు. ఇంటిల్లిపాది అందులో మోకాళ్ల నొప్పులావిడతో అయితే బందరులోనే దిగండి, బయట ఆటోలు ఉంటాయి. రాను పోను మాట్లాడుకుని, అక్కడ ఎంతసేపు ఆగాలో కూడా ముందే తేల్చుకోండి. బీచ్ దగ్గర నుంచి ఖాళీ ఆటో కోసం సాయంత్రం వెతకడం అందరికీ ఎదురయ్యే ఇబ్బందే. అదే ఆటోలో దారిలో చిలకలపూడి పాండురంగస్వామి గుడి కూడా చూసేయొచ్చు. కార్తీక పౌర్ణమి చుట్టుపక్కల రోజుల్లో మాత్రం ఈ ప్లాన్ వద్దు. గుడి ఉత్సవం, సముద్ర స్నానాలు ఒకేసారి వస్తాయి, మెములో నిలబడే చోటు కూడా ఉండదు.

బీచ్ దగ్గర భోజనం నమ్ముకోవద్దు, ఊళ్లోనే తిని వెళ్లండి. బందరు లడ్డు తెచ్చుకోవాలంటే తిరిగి వచ్చేటప్పుడు కొనండి. బెల్లంతో చేసే తొక్కుడు లడ్డు రోజుల తరబడి నిలవుంటుంది, తొందరేం లేదు.

సాయంత్రం బండి టైం ముందు రోజే చూసుకోండి, ఆదివారం నడవని సర్వీసులు కొన్ని ఉంటాయి. 139కి ఫోన్ చేసినా, రైళ్ల రాకపోకలు చూపే ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసినా చెప్తుంది. బండి పోతే బస్టాండుకు వెళ్లిపోండి, బెజవాడకు నాన్‌స్టాప్‌లు దొరుకుతాయి.

సత్యనారాయణపురం

అన్నీ రాసుకున్నాను. ఆఖరి ప్రశ్న: పెద్ద బ్యాగు ఒకటి ఉంది, బెజవాడ స్టేషన్‌లో పెట్టేసి వెళ్లొచ్చా? తిరిగి వచ్చేటప్పుడు అక్కడి నుంచే వేరే బండి ఎక్కేవాళ్లు ఒకరున్నారు.

జవాబు: పీఎన్‌ఆర్ లెక్కలు

క్లోక్‌రూం ఉంది. తాళం వేసి ఉన్న బ్యాగునే తీసుకుంటారు, జిప్‌కు చిన్న తాళమైనా కొని వేయండి. టికెట్ చూపించాలి, సాయంత్రం బండిది ఉంటే అదే చూపండి. తినేవి లోపల పెట్టొద్దు, ఎలుకలు ఉంటాయి. రసీదు పోతే బ్యాగు తిరిగి తీసుకోవడం పెద్ద తతంగం, ఇవ్వగానే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఆ ఒక్కరు మీతో పాటు మధురానగర్‌లో దిగకుండా జంక్షన్ దాకా కూర్చోవాలి, మర్చిపోకండి.